ఎంత బరువు, ఎన్నిసార్లు, ఎన్ని వారాలు?

వారానికి 3 రోజులు. రోజుకు 4 విడతలు, విడతకు 5 సార్లు. అలా 6 వారాలు. లెక్క కడితే ఒక్కో కాలికి 360 సార్లు. 1995లో అమెరికాలో డయాన్ డమియానో, ఆమె సహచరులు 14 మంది పిల్లల చేత చేయించిన వ్యాయామం ఇంతే. ఆ పిల్లలందరికీ సెరిబ్రల్ పాల్సీ (సీపీ). రెండు కాళ్లూ బిగుసుకుని, మోకాళ్లు వంగి, కుంగినట్టుగా నడిచేవాళ్లు. చీలమండలకు బరువు కట్టి మోకాలిని నిటారుగా చాపించారు. కట్టింది నామమాత్రపు బరువు కాదు. ఒక్కొక్కరు గరిష్ఠంగా ఎంత ఎత్తగలరో ముందు చూసుకుని, అందులో 65 శాతం కట్టారు. 6 వారాలు గడిచేసరికి తొడ ముందు కండరాలు బలపడ్డాయి. నడిచేటప్పుడు పాదం నేలను తాకే క్షణంలో మోకాలి వంపు తగ్గింది. అంగ పొడవు పెరిగింది.

14 మంది అంటే చిన్న అధ్యయనమే. అది వచ్చిన కాలాన్ని చూస్తే దాని విలువ తెలుస్తుంది. 1940లలో లండన్‌లో బెర్టా బోబత్, కారెల్ బోబత్ దంపతులు మొదలుపెట్టిన చికిత్సా పద్ధతి అప్పటికే చాలా దేశాలకు పాకి ఉంది. బిగుసుకున్న కండరాన్ని శ్రమపెడితే ఇంకా బిగుసుకుంటుందన్న భయం ఆ పద్ధతితో పాటే థెరపిస్టుల్లో పాతుకుపోయింది. ఆ భయాన్ని 2001లో ఐలీన్ ఫౌలర్ బృందం సూటిగా పరీక్షకు పెట్టింది. సీపీ ఉన్న 24 మందికీ, లేని 12 మందికీ తొడ కండరాల వ్యాయామం చేయించి, దానికి ముందూ వెంటనే తర్వాతా బిగుతు కొలిచింది. బిగుతు పెరగలేదు. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాల్లోనూ ఆ భయానికి ఆధారం దొరకలేదు. అయినా "బరువులు కట్టొద్దమ్మా, కాళ్లు ఇంకా బిగుసుకుపోతాయి" అన్న మాట మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట వల్ల పిల్లలు పోగొట్టుకునేది తక్కువేమీ కాదు.

బిగుతు చాటున బలహీనత

సెరిబ్రల్ పాల్సీ, అంటే మస్తిష్క పక్షవాతం. మెదడు ఇంకా ఎదుగుతున్న దశలో, పుట్టకముందో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొత్తలోనో, దానికి తగిలిన దెబ్బ వల్ల వస్తుంది. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఊపిరి అందకపోవడం, పచ్చకామెర్లు ముదిరి మెదడుకెక్కడం, మెదడువాపు వంటివి దానికి దారితీస్తాయి. మన దేశంలో జరిగిన సర్వేలన్నీ కలిపి చూసిన ఒక విశ్లేషణ ప్రకారం ప్రతి 1000 మంది పిల్లల్లో దాదాపు 3 మందికి ఇది ఉంది. వాళ్లలో ఇంచుమించు 80 శాతం మందిది కండరాలు బిగుసుకునే రకం.

మెదడులోని దెబ్బ పెరగదు. కండరాలు, ఎముకలు మాత్రం బిడ్డ ఎదిగేకొద్దీ మారుతూ ఉంటాయి. కంటికి కనిపించేది బిగుతే కాబట్టి ఇంట్లోవాళ్ల శ్రద్ధ అంతా దాని మీదికే పోతుంది. మడమ నేలకు ఆనదు, తొడలు కత్తెర పడతాయి, పిడికిలి విప్పుకోదు. ఆ బిగుతు వెనక కండరం ఎంత నీరసంగా ఉందో కొలిస్తేగానీ తెలియదు. 1998లో వైలీ, డమియానో అలా కొలిచారు. సీపీ ఉన్న 30 మంది పిల్లల కాళ్ల కండరాలను, అదే ఈడు ఉన్న 16 మంది మామూలు పిల్లల కండరాలతో పోల్చారు. సీపీ పిల్లల కండరాలు బలహీనంగా ఉన్నాయి. తుంటి నుంచి పాదం వైపు దిగేకొద్దీ ఆ బలహీనత పెరుగుతూ పోయింది.

ఈ బలహీనతకు మూలాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి మెదడులో. కండరంలోని పోగులన్నింటినీ ఒక్కసారిగా పనిలోకి దింపేంత గట్టి ఆజ్ఞ అక్కడి నుంచి రాదు. వచ్చినా, ముందు కండరం లాగుతున్నప్పుడే వెనక కండరమూ లాగుతుంది. రెండోది కండరంలోనే. సీపీ పిల్లల కండరం పరిమాణంలో చిన్నది. కండరం పెరగడానికి, దెబ్బతిన్నప్పుడు బాగుపడటానికి అవసరమైన మూలకణాలు అందులో మామూలు పిల్లలతో పోలిస్తే సగం కన్నా తక్కువ ఉన్నట్టు శస్త్రచికిత్సల్లో తీసిన ముక్కల పరీక్షల్లో తేలింది. ఎముక పెరిగినంత వేగంగా ఇలాంటి కండరం పెరగలేకపోతుంది.

వ్యాయామం ఈ రెండింటి మీదా పనిచేస్తుంది. రెండూ ఒకే వేగంతో కదలవు, అంతే. మొదటి కొన్ని వారాల్లో పెరిగే బలం చాలామటుకు నరాల నుంచి వచ్చేదే. ఉన్న పోగుల్నే మెదడు మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటుంది. కండరం లావెక్కడానికి నెలలు పడుతుంది. 6 వారాలకే ఆపేసిన కుటుంబం మొదటి లాభం చూసి, రెండోది చూడకుండా ఇంటికి వెళ్లిపోయినట్టు.

మోతాదు

డాక్టర్ "జ్వరానికి మాత్ర వెయ్యండి" అని చెప్పి, ఎన్ని మిల్లీగ్రాములో, రోజుకు ఎన్నిసార్లో చెప్పకపోతే మనం ఊరుకోం. "ఇంటి దగ్గర ఎక్సర్‌సైజులు చేయించండి" అంటే మాత్రం తలూపి వచ్చేస్తాం. వ్యాయామానికీ మోతాదు ఉంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఒలాఫ్ వెర్షురెన్ తదితరులు 2016లో సీపీ ఉన్నవారి కోసం దాన్ని అంకెల్లో పెట్టారు. మొదట 2 నుంచి 4 వారాలు అలవాటు పడటానికి, వారానికి 2 సార్లు. తర్వాత వారానికి 2 నుంచి 4 సార్లు, వరసగా రెండు రోజులు కాకుండా. ఒక్కో వ్యాయామం 1 నుంచి 3 విడతలు, విడతకు 6 నుంచి 15 సార్లు. బరువు, పిల్లవాడు ఒక్కసారి మాత్రమే ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 50 నుంచి 85 శాతం. మొత్తం కాలం 12 నుంచి 16 వారాలు.

గరిష్ఠం 4 కిలోలనుకుందాం. 50 శాతం అంటే 2 కిలోలు, 85 శాతం అంటే 3 కిలోల 400 గ్రాములు. ఆ మధ్యలో ఎక్కడో పని జరుగుతుంది. చాలా ఇళ్లలో కాలికి కట్టే అరకిలో ఇసుక సంచీ ఆ పిల్లవాడికి 12.5 శాతమే. ఏడాదంతా కట్టినా దానితో బలం పెద్దగా పెరగదు.

పసిపిల్లల చేత గరిష్ఠ బరువు ఎత్తించి చూడటం మంచిది కాదు, అవసరం కూడా లేదు. ఫిజియోలు వాడే దారి వేరు. 8 నుంచి 10 సార్లు పద్ధతిగా చేసి, 11వ సారికి కాలు వణికి, నడుము వంకర తిరిగి, ఇక చేయలేకపోయే బరువు ఏదో చూస్తారు. సరైన బరువు అదే. అదే బరువుతో 15 సార్లు తేలిగ్గా చేసేస్తున్నాడంటే కొంచెం పెంచాలి. పెంచడమే ఇందులో కీలకం. 3 నెలల క్రితం ఎంత కట్టారో ఇవాళా అంతే కడుతుంటే, జరుగుతున్నది కదలికే తప్ప బలవర్ధనం కాదు. విడతకూ విడతకూ మధ్య 1 నుంచి 3 నిమిషాలు కూర్చోనివ్వాలి. అలసిన కండరంతో చేయిస్తే పక్క కండరాలు దొంగతనంగా సాయం చేస్తాయి. బలహీనమైనది బలహీనంగానే మిగులుతుంది.

జిమ్ అక్కర్లేదు. 2003లో ఆస్ట్రేలియాలో కరెన్ డాడ్, నికొలస్ టేలర్, కెర్ గ్రాహమ్ 8 నుంచి 18 ఏళ్ల మధ్య వయసున్న 21 మందిని తీసుకుని, 11 మంది చేత ఇంటి దగ్గరే 6 వారాలు, వారానికి 3 సార్లు వ్యాయామం చేయించారు. మునివేళ్ల మీద లేవడం, సగం దాకా గుంజీలు తీయడం, మెట్టెక్కి దిగడం. ఈ 3 వ్యాయామాలే. బరువు కోసం వీపున సంచీ, అందులో తూకాలు. బలం 6 వారాలకు పెరిగింది. మొదలుపెట్టిన 18 వారాలకు, అంటే ఆపేసి 12 వారాలైన తర్వాత కూడా, ఆ తేడా కనిపించింది.

ఇది మన ఇళ్లలో జరగని పని కాదు. ఉప్పు ప్యాకెట్ 1 కిలో. లీటరు సీసా నిండా నీళ్లు 1 కిలో. అరలీటరుది అరకిలో. బడి సంచీలో ఏది పెట్టినా తూకం తెలిసే ఉంటుంది. 20 కిలోలున్న పాపకు 1 కిలో అంటే ఒంటి బరువులో 5 శాతం. పీట మీద కూర్చుని, చేతులు ఊతం పెట్టకుండా లేచి నిలబడటం అన్నింటికన్నా మంచి మొదలు. తొడలు, పిరుదులు, నడుము మూడూ కలిసి పనిచేస్తాయి. పీట ఎత్తు తగ్గేకొద్దీ కష్టం పెరుగుతుంది కాబట్టి ముందు కుర్చీ, తర్వాత స్టూలు, ఆ తర్వాత పీట. అంటే సంచీలో ఏమీ పెట్టకుండానే భారం పెంచవచ్చు. పాదాలు రెండూ సమానంగా నేలకు ఆనాయా, మోకాళ్లు ఒకదానికొకటి తగులుతున్నాయా అన్నది ఎదురుగా కూర్చుని చూసుకోవాలి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం, గోడ పట్టుకుని పక్కకు అడుగులు వేయడం, ఒక మెట్టు ఎక్కి దిగడం. దిగడాన్ని చాలామంది పట్టించుకోరు. నెమ్మదిగా దిగేటప్పుడు తొడ కండరం ఒంటి బరువును ఆపుతూ దించాలి, అక్కడ జరిగే పని ఎక్కడం కన్నా తక్కువేమీ కాదు.

ఊపిరి బిగబట్టకుండా పైకి అంకెలు లెక్కపెట్టించండి. లెక్క వినిపిస్తుంటే ఊపిరి ఆడుతున్నట్టే.

బలం పెరిగితే నడక మారుతుందా?

తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్న ఇదే. దీనికి నిజాయితీగా జవాబివ్వాలంటే కొన్ని నిరాశపరిచే అంకెలు కూడా చెప్పాలి.

నెదర్లాండ్స్‌లో వనెస్సా షోల్టెస్ బృందం 51 మంది బడి పిల్లలతో 12 వారాల అధ్యయనం జరిపి 2010లో ఫలితాలు ప్రకటించింది. వ్యాయామం చేసిన పిల్లల మోకాలి కండరాల బలం 12 శాతం, తుంటి పక్క కండరాల బలం 11 శాతం పెరిగాయి. 6 సార్లు ఎత్తగలిగే బరువు 14 శాతం పెరిగింది. నడక మాత్రం మారలేదు. ఆస్ట్రేలియాలో 48 మంది యువతీయువకులు వారానికి 2 సార్లు జిమ్‌కు వెళ్లి 12 వారాలు శ్రమించిన అధ్యయనం 2013లో వచ్చింది. అక్కడా అదే కథ. కాళ్లు బలపడ్డాయి, కొలతల్లో నడక మెరుగుపడలేదు. కాకపోతే, తమ నడక మెరుగైందని వాళ్లు తమకు తాముగా చెప్పారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. కొలత పట్టీకి అందనిది, మెట్లెక్కేటప్పుడు ఆ కుర్రాడికి అందుతుంది. 2017లో కోక్రేన్ సంస్థ 29 అధ్యయనాలను, 926 మందిని కలిపి సమీక్షించింది. బరువుల వ్యాయామం బలాన్ని పెంచుతుంది, కానీ దానివల్లే నిలబడటం, నడవడం వంటి పనులు మెరుగవుతాయని చెప్పలేం అన్నది దాని సారాంశం. 2020లో బ్రిటన్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో 64 మంది కౌమార వయసు పిల్లలున్నారు. వాళ్లలో కొందరు 10 వారాలు పిక్క కండరాలకు మాత్రమే వ్యాయామం చేశారు. నడకకు అయ్యే శ్రమ తగ్గలేదు.

ఇవి చదివి "అయితే వృథాయే కదా" అనుకోవడం తప్పు. ఈ అంకెలు చెబుతున్నది వేరు. కండరం ఏ పనిలో బలపడిందో ఆ పనికే ముందు పనికొస్తుంది. కూర్చుని మోకాలు చాపడం నేర్చిన తొడ, నడకలోని సెకనులో కొంత భాగంలో బలం చూపాలంటే అది వేరే విద్య. ఈ కోణంలో నోయెల్ మోరో 2013లో ప్రచురించిన చిన్న అధ్యయనం నాకు చాలా ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. 16 మందిని రెండు బృందాలు చేసి 8 వారాలు సాధన చేయించారు. ఒక బృందం బరువును నెమ్మదిగా నెట్టింది. ఇంకో బృందం వీలైనంత వేగంగా నెట్టింది. బలం రెండు చోట్లా పెరిగింది. నడక వేగం మెరుగైంది మాత్రం వేగంగా నెట్టినవాళ్లలోనే. 16 మందితో తీర్పు చెప్పలేం, అయినా దిశ తెలుస్తోంది. మొదటి కొన్ని వారాలు నెమ్మదిగా, పద్ధతి కుదిరాక పీట మీంచి ఒక్క ఉదుటున లేవడం సాధన చేయించమని అడగవచ్చు.

రెండో సంగతి, పని నేర్పాలంటే ఆ పనినే చేయించాలి. చేతి పనులపై జరిగిన అధ్యయనాలన్నింటినీ జోడించి మిషెల్ జాక్‌మన్ బృందం ఒక లెక్క తేల్చింది. ఒక నిర్దిష్ట లక్ష్యం, అంటే గుండీ పెట్టుకోవడం, గ్లాసుతో తాగడం లాంటిది, సాధించడానికి కనీసం 14 గంటల సాధన కావాలి. చేతి పనితనం మొత్తంగా మెరుగుపడాలంటే 30 నుంచి 40 గంటలు. 14 గంటలను రోజుకు అరగంట చొప్పున, వారానికి 5 రోజులు చేస్తే అయిదున్నర వారాలు. 40 గంటలంటే అదే లెక్కన 16 వారాలు. అంతుపట్టని లక్ష్యం కాదు. ఒకటే షరతు, ఒక్కసారి ఒకటో రెండో లక్ష్యాలే పెట్టుకోవాలి, వాటిని వీలైనంతవరకు పిల్లవాడే ఎంచుకోవాలి. బడి వరండా మెట్లు 4 ఎక్కడం వాడి కోరికైతే, వారంలో 3 రోజులు బలానికి, రోజూ కాసేపు ఆ 4 మెట్లకు.

ఇక్కడే ఇంకో మాట చెప్పాలి. మన ఫిజియో గదుల్లో ఎక్కువ సమయం గడిచేది పిల్లవాణ్ణి పడుకోబెట్టి కాళ్లు లాగడంలో. అమ్మకు నేర్పి పంపేదీ అదే. 2013లో ఇయోనా నోవాక్ బృందం సీపీకి ఉన్న 64 రకాల చికిత్సలను, 131 ఫలితాలను పరిశీలించి ట్రాఫిక్ లైట్ల రంగులు వేసింది. గట్టి ఆధారంతో పచ్చ లైటు పడ్డవి 16 శాతమే. ఇతరులు చేత్తో కాళ్లు లాగే పద్ధతికి ఆ లైటు పడలేదు. పిల్లవాడి కండరం తనంతట తాను పని చేయకుండా ఏ బలమూ రాదు. కాళ్లు లాగించుకుంటూ పైకప్పు చూస్తున్న అరగంటలో 10 నిమిషాలైనా పీట మీంచి లేవడానికి మళ్లిస్తే బాగుంటుందని నేను గట్టిగా నమ్ముతాను. కురచబడుతున్న కండరానికి స్ప్లింట్లు, వరస కట్లు, బొటాక్స్ వంటివి డాక్టర్ విడిగా చూస్తారు. బొటాక్స్ ఇచ్చాక బిగుతు తగ్గే ఆ కొద్ది నెలలు బలం పెంచడానికి మంచి అదను.

అయిదో ఏటితో తలుపు మూసుకోదు

1997లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ పలిసానో, పీటర్ రోజన్‌బామ్ తదితరులు సీపీ పిల్లల కదలికను 5 స్థాయిలుగా విభజించారు. స్థాయి 1 పిల్లలు మెట్లు కూడా ఏమీ పట్టుకోకుండా ఎక్కుతారు. స్థాయి 2కి మెట్ల దగ్గర పట్టుకోవడానికి ఏదైనా కావాలి, ఎక్కువ దూరం కష్టం. స్థాయి 3 వాకరో చేతికర్రలో పట్టుకుని నడుస్తారు. స్థాయి 4కి వీల్‌చైర్ ప్రధానం. స్థాయి 5 పిల్లలకు తల, నడుము నిలపడానికే ఆసరా ఉండాలి. మీ పిల్లల స్థాయి ఏమిటో డాక్టరును అడిగి తెలుసుకోండి. ఏ అధ్యయనం మీ పాపకు వర్తిస్తుందో, ఏది వర్తించదో దాన్ని బట్టే తెలుస్తుంది. నేను పైన చెప్పిన బరువుల అధ్యయనాలు దాదాపు అన్నీ 1 నుంచి 3 స్థాయిల వాళ్లతో జరిగినవే.

2002లో ఆ బృందమే 657 మంది పిల్లలను గమనించి ఎదుగుదల గీతలు గీసింది. తాము చేరుకోగల కదలిక సామర్థ్యంలో 90 శాతాన్ని స్థాయి 1 పిల్లలు సగటున 4.8 ఏళ్లకు, స్థాయి 3 వాళ్లు 3.7 ఏళ్లకు, స్థాయి 5 వాళ్లు 2.7 ఏళ్లకు చేరుకుంటున్నారు. ఈ అంకెలు విన్న తల్లిదండ్రులు కొందరు అయిదేళ్లు దాటాక అంతా అయిపోయిందని థెరపీ మానేస్తారు. గీతలు చెప్పేది కొత్తగా అందే కదలికల గురించి. బలం కథ వేరు. డాడ్ అధ్యయనంలో బలపడినవాళ్లు 8 నుంచి 18 ఏళ్లవాళ్లని గుర్తుంచుకోవాలి.

నిజానికి అయిదేళ్ల తర్వాతే బలం అవసరం పెరుగుతుంది. 2009లో వచ్చిన తర్వాతి అధ్యయనం ప్రకారం 1, 2 స్థాయిల పిల్లలు సంపాదించినది నిలబెట్టుకుంటారు. స్థాయి 3 పిల్లలు దాదాపు 8 ఏళ్లకు, 4, 5 స్థాయిల వాళ్లు దాదాపు 7 ఏళ్లకు శిఖరానికి చేరి, అక్కడి నుంచి కొంత కోల్పోతారు. 20 కిలోలున్నప్పుడు నడిచిన కాళ్లే 40 కిలోలను మోయాలి. ఎముకలు పొడుగవుతాయి, మోకాలు వంగుతుంది, వంగిన మోకాలితో నడక ఇంకా శ్రమ. 10, 12 ఏళ్ల వయసులో నడక తగ్గించి వీల్‌చైర్ వైపు ఒరిగే పిల్లల్లో కొందరికైనా బలం వ్యాయామం ఆ వయసులోనే మొదలుకావాలి. సరిగ్గా ఆ వయసులోనే మన దగ్గర చాలామందికి ఫిజియో ఆగిపోతుంది.

4, 5 స్థాయిల పిల్లల విషయంలో బలవర్ధన వ్యాయామాలపై ఆధారాలు తక్కువ. వాళ్లకు నిలబెట్టే కార్యక్రమం ముఖ్యం. స్టాండింగ్ ఫ్రేములో వారానికి 5 రోజులు, రోజుకు 60 నుంచి 90 నిమిషాలు నిలబెడితే ఎముకల గట్టిదనానికి మేలని 2013 నాటి ఒక సమీక్ష చెప్పింది. ఒకేసారి అంతసేపు కష్టమైతే విడదీసి నిలబెట్టవచ్చా అని ఫిజియోని అడగండి. బోర్లా పడుకుని తల ఎత్తి బొమ్మను చూడటం, ఒళ్లో కూర్చుని నడుము నిలపడం, ఇవే వాళ్లకు బరువులు. తల బరువు కూడా బరువే.

ఏ స్థాయి పిల్లలకైనా తుంటి ఎక్స్‌రే సంగతి మరవకూడదు. ఆస్ట్రేలియాలో 323 మంది పిల్లలను పరిశీలిస్తే 35 శాతం మందిలో తుంటి కీలు పక్కకు జరిగింది. స్థాయి 1లో ఒక్కరికీ లేదు, స్థాయి 5లో 90 శాతం మందికి ఉంది. తొడ లాగితే ఏడవడం, డైపర్ మార్చేటప్పుడు కాళ్లు విడదీయనివ్వకపోవడం, ఒక కాలు కురచగా కనిపించడం, వీటిలో ఏదున్నా వ్యాయామం ఆపి ముందు ఎముకల డాక్టరుకు చూపించాలి. ఫిట్స్ అదుపులో లేనప్పుడు, ఆపరేషన్ అయిన కొత్తలో, ఎముకలు పెళుసుగా ఉన్నప్పుడు డాక్టర్ అనుమతి లేకుండా బరువు కట్టకూడదు. మర్నాడు కండరాల్లో కాస్త సలుపు మామూలే. కీలులో నొప్పి, 2 రోజులు దాటినా తగ్గని నొప్పి మామూలు కాదు.

వారంలో ఒక రోజు ఫిజియో, మిగతా 6 రోజులు?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండల కేంద్రాల్లోని భవిత కేంద్రాలకు ఫిజియోలు వస్తారు. చాలాచోట్ల వారానికి ఒక రోజే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో సత్వర చికిత్సా కేంద్రాలు వచ్చాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. వైకల్య సర్టిఫికెట్‌తో పింఛను, నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమాతో ఏటా 1 లక్ష రూపాయల దాకా వైద్యఖర్చు పొందే వీలుంది. ఇవన్నీ వాడుకోవాలి. అయితే వారానికి ఒక రోజు ఫిజియోతో, ఎంత మంచి ఫిజియో అయినా, వారానికి 3 సార్లు అన్న మోతాదు పూర్తికాదు. మిగతా 2 సార్లు ఇంట్లోనే జరగాలి.

ఇంట్లో ఎంత సాధ్యం? 2009లో నోవాక్ బృందం 36 మంది పిల్లలతో ఇంటి దగ్గరి సాధనను పరిశీలించింది. తల్లిదండ్రులు నెలకు సగటున 17.5 సార్లు, ఒక్కోసారి 16.5 నిమిషాలు చేయించగలిగారు. నెలకు మొత్తం 5 గంటల లోపే. 8 వారాలకు పిల్లల్లో తేడా కనిపించింది. రోజుకు 2 గంటలు చేయించలేకపోతున్నానని తనను తాను తిట్టుకునే తల్లికి ఈ అంకె చూపించాలి. 17 నిమిషాలు, నెలలో సగం రోజుల కన్నా కాస్త ఎక్కువ. అందులోనూ ఆ పని అమ్మ ఒక్కతిదే కానక్కర్లేదు. నాన్న, తాతయ్య, అక్క, ఎవరైనా లెక్కపెట్టవచ్చు.

ఈసారి ఫిజియో దగ్గరకు వెళ్లినప్పుడు ఒక నోటు పుస్తకం తీసుకెళ్లి రాయించుకోండి. ఏ వ్యాయామం, ఎంత బరువు, విడతకు ఎన్నిసార్లు, ఎన్ని విడతలు, వారంలో ఏ రోజులు, ఎప్పుడు పెంచాలి. ఆ పక్కనే పిల్లవాడి లక్ష్యం, వాడి మాటల్లోనే. 4 వారాలకు ఒకసారి అదే లక్ష్యాన్ని ఫోనులో వీడియో తీయండి. రోజూ చూసే కంటికి తెలియని మార్పు, రెండు వీడియోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

ఆపేస్తే ఏమవుతుందన్నది కూడా ముందే ఆలోచించుకోవాలి. డాడ్ అధ్యయనంలో బలం 12 వారాలు నిలిచింది. షోల్టెస్ అధ్యయనంలో ఆపిన 6 వారాలకే తరగడం మొదలైంది. కాబట్టి ఏడాదికి ఒక్కసారి చేసి వదిలేస్తే చాలదు. మన బడి క్యాలెండర్ దీనికి బాగా కలిసొస్తుంది. జూన్‌లో బడి తెరిచినప్పటి నుంచి దసరా సెలవుల దాకా ఇంచుమించు 16 వారాలు. దసరా తర్వాత సంక్రాంతి దాకా ఓ 12, 13 వారాలు. సంక్రాంతి నుంచి వేసవి సెలవుల దాకా మళ్లీ దాదాపు అన్నే. ఒక్కో భాగం ఒక పూర్తి కోర్సుకు సరిపోతుంది. మధ్యలో పండక్కి అమ్మమ్మగారింట్లో గడిపే పది పదిహేను రోజులకు బెంగపడక్కర్లేదు. తిరిగొచ్చాక మొదటి వారం బరువు కాస్త తగ్గించి, రెండో వారం నుంచి పుస్తకంలో ఆగిన చోటు నుంచి కొనసాగించవచ్చు.